ఉత్తరం ఖరీదు

పట్టాలందుకున్న మీకు, వెనక వరుసల్లో ఫోన్లెత్తి ఫొటోలు తీస్తున్న మీ అమ్మానాన్నలకు అభినందనలు.

మీలో చాలామంది హెచ్‌ఆర్ విభాగాల్లో చేరబోతున్నారు. నేను కార్మిక చట్టాల లాయర్ని. ఒక కేసు చెప్పి కూర్చుంటాను.

అమెరికాలో, హ్యూస్టన్‌లో ఒక రైల్వే కంపెనీ. అక్కడ పట్టాలు మార్చే (మీవి కాదులెండి, రైలు పట్టాలు) స్విచ్‌మన్ ఒకతను డ్యూటీలో స్పృహ తప్పి పడిపోయాడు. మూత్రపరీక్షలో మెథడోన్ జాడ ఉందన్నారు. హెరాయిన్ మాన్పించడానికి ఇచ్చే మందు అది. ఆ పేరు చెవిన పడితే జనం ఏమనుకుంటారో వేరే చెప్పాలా? తర్వాతి పరీక్షలో అది మెథడోన్ కాదు, దాన్ని పోలిన మరో పదార్థమని తేలింది. అయినా కంపెనీవాళ్లు కార్మిక శాఖకు రాసిన ఉత్తరంలో మెథడోన్ మాట వదల్లేదు. అతను పరువునష్టం దావా వేశాడు. 1976లో టెక్సస్ అప్పీలు కోర్టు జ్యూరీ తీర్పును నిలబెట్టింది: పరిహారం లక్షా యాభై వేల డాలర్లు, శిక్షగా ఇంకో యాభై వేలు. పరీక్ష చేయించినందుకు కాదు సుమా, ఆ డబ్బంతా చెప్పిన మాటకు.

భద్రత చూడాల్సిన నలుగురి మధ్య నడిచే మాటకు అక్కడి చట్టం కొంత రక్షణ ఇస్తుంది. అబద్ధమని తెలిసీ చెప్పినా, సంబంధం లేనివాళ్ల చెవిన వేసినా ఆ రక్షణ పోతుంది. మన దగ్గరా పరువునష్టంపై భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ఉంది. సద్భావంతో చెప్పినదానికి అందులో మినహాయింపులున్నాయి. క్యాంటీన్ కబుర్లకు లేవు.

ఇక పరీక్షల మాటకొస్తే, తొలి పరీక్ష జల్లెడ లాంటిది. గసగసాలు నూరి వేసిన కోడికూర తిన్నా మూత్రంలో మార్ఫిన్ జాడ కనబడొచ్చు. ఆ లెక్కన ఆదివారం మా ఇంటిల్లిపాదీ అనుమానితులమే! అందుకే అమెరికా ప్రభుత్వం 1998లో మార్ఫిన్ లాంటి ఓపియేట్లను పాజిటివ్‌గా లెక్కించే హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచింది. అక్కడి రవాణా రంగంలో పాజిటివ్ అని కంపెనీకి చెప్పేముందు ఒక డాక్టరు ఆ ఉద్యోగితోనే మాట్లాడి, ఏ మందులు వాడుతున్నాడో కనుక్కోవాలి.

రేపు అలాంటి పరీక్ష ఫలితమున్న కవరొకటి మీ టేబుల్ మీదికి వస్తుంది. పక్క సీట్లో ఆయన తలెత్తి, “ఏమైందట?” అంటాడు. కవరు సొరుగులో పెట్టి తాళం వేయండి. రెండో పరీక్ష అయిందా అని ల్యాబుకు ఫోన్ చేయండి.