నిశ్చయం కోసం ఎదురుచూడకండి, రెక్కీకి బయల్దేరండి

(జోల్వాలో మన తెలుగు కుటుంబాల పిల్లలు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన విషయం "ఏ ఉద్యోగంలోకి వెళ్ళాలో తేలనప్పుడు ఏం చేయాలి?" అని. నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. ఇంటర్మీడియట్ ఎంపీసీ పాసయ్యాను, అంతే. 1989లో సైన్యంలో చేరాను. మన వాహనాలు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ దళంలో ముప్పై ఏళ్ళు పనిచేసి 2019లో సుబేదారుగా రిటైరయ్యాను. ఇప్పుడు ఇక్కడే ఒక మిల్లులో మెయింటెనెన్స్ పని చూస్తున్నాను. కాబట్టి నేను చూసిందీ, చేసిందీ మాత్రమే చెప్తాను. అందులో మీకు పనికొచ్చేది తీసుకోండి.

మొదట పిల్లలకొక మాట. ఏం చేయాలో తోచకపోవడం తప్పు కాదు, రోగం అంతకన్నా కాదు. ఇంట్లో మీకు వినబడే మాటలు నాకు తెలుసు. బాపు సాంచాల మీదికి రమ్మంటాడు. అమ్మ కంప్యూటర్ నేర్చుకోమంటుంది. ఊరి నుంచి ఫోన్ చేసిన మేనమామ మిలిటరీకి పొమ్మంటాడు. స్నేహితుడు ఇంకేదో చెప్తాడు. అందరూ మీ మంచి కోరే చెప్తున్నారు. కానీ నలుగురి మాటలూ కలిపితే బుర్ర వేడెక్కుతుంది తప్ప దారి కనబడదు.

ఇంకొందరు "నీకిష్టమైంది చెయ్యి" అంటారు. వినడానికి బాగుంటుంది. పదిహేడేళ్ళ పిల్లవాడు తన జన్మలో దగ్గర నుంచి చూసిన పనులెన్ని? మాస్టారు, డాక్టరు, పోలీసు, కిరాణా కొట్టు, ఇంట్లోవాళ్ళు చేసే సాంచాల పని. ఐదు చూసినవాణ్ణి ఐదొందల్లో నీకేది ఇష్టమని అడిగితే ఏం చెప్తాడు పాపం? తినని కూర రుచి చెప్పమన్నట్టే కదా!

నా సంగతే చెప్తాను. నాది సిరిసిల్ల వైపు నేతకారుల కుటుంబం. మా బాపు సాంచాలు నడిపాడు. నేను సైన్యంలో చేరినప్పుడు రేడియో మెకానిక్ కావాలని నా కోరిక. మంచి బట్టల్లో కూర్చుని చేసే పని అని. సైన్యంలో ట్రేడ్ మనం ఎంచుకునేది కాదు. పరీక్షలు పెట్టి, ఖాళీలు చూసి వాళ్ళే ఇస్తారు. నాకు వెహికల్ మెకానిక్ వచ్చింది. సికింద్రాబాద్‌లో ట్రైనింగ్. మొదటి ఆరు నెలలూ ఒంటినిండా గ్రీజు, చేతులనిండా గాట్లు. ఇష్టం మాట దేవుడెరుగు, ఎప్పుడు నిద్రపోదామా అన్నట్టుండేది.

ఇష్టం తరవాత వచ్చింది. ఎత్తు ప్రాంతాల్లో గాలి పలచన, ఇంజనుకు బలం తగ్గుతుంది. గడ్డ చలికి డీజిలు చిక్కబడి, పొద్దున్నే బండి కదలదు. కదలకపోతే పైన పోస్టులకు రేషన్ అందదు. అలాంటి చోట ఒక బండిని నా చేతులతో స్టార్ట్ చేసిన రోజు, ఈ పని నాదే అనిపించింది. అప్పుడు నాకర్థమైందేమంటే, చాలామందికి ముందు పని వస్తుంది, పనిలో నేర్పు వస్తుంది, ఆ నేర్పు వెనకాల ఇష్టం వస్తుంది. ముందే ఇష్టం తెలిసినవాళ్ళు అదృష్టవంతులు. తెలియనివాళ్ళు వెనకబడ్డవాళ్ళు మాత్రం కాదు.

అబ్దుల్ కలాం గారి జీవితం చూడండి. ఆయన తిరుచ్చి సెయింట్ జోసెఫ్స్ కాలేజీలో భౌతికశాస్త్రం చదివారు. 1954లో అది పూర్తయ్యాకే తన దారి ఇంజనీరింగ్ అని గ్రహించి మద్రాసు ఎంఐటీలో విమానాల ఇంజనీరింగ్‌లో చేరారు. తరవాత వాయుసేన ఎంపికకు డెహ్రాడూన్ వెళ్తే, 25 మందిలో ఎనిమిది మందిని తీసుకున్నారు. ఆయనది తొమ్మిదో స్థానం. 1958లో రక్షణ శాఖ సాంకేతిక విభాగంలో ఉద్యోగానికి వెళ్ళారు. అక్కణ్ణుంచి రాకెట్లు, 1982లో మన హైదరాబాద్ డీఆర్‌డీఎల్ డైరెక్టర్ పదవి, చివరకు రాష్ట్రపతి భవనం. అంతటివారికే దారి ఒక్కసారిగా కనబడలేదు. ఒక్కో మలుపు దగ్గరా కొంత కనబడింది.

సరే, మరి ఏం చేయాలి? సైన్యంలో ఏ పని మొదలుపెట్టే ముందైనా అప్రిసియేషన్ అని ఒకటి చేస్తారు. పొగడ్త అని కాదు, పరిస్థితిని తూచి చూడడం అని. లక్ష్యం ఏమిటి, మనకున్నదేమిటి, అడ్డమేమిటి, మన ముందున్న దారులెన్ని, వాటిలో ఏది మేలు, అది కుదరకపోతే ఏమిటి. ఇంత చూశాకే ప్లాన్. దీన్నే ఒక నోటుబుక్కులో మీరూ రాసుకోవచ్చు.

లక్ష్యం దగ్గర "నేనేమవ్వాలి" అని రాయకండి. అది మరీ పెద్ద ప్రశ్న. "వచ్చే రెండేళ్ళలో నా చేతికి ఏ నేర్పు రావాలి, ఇంట్లో ఏ ఇబ్బంది రాకూడదు" అని రాయండి. మనకున్నదేమిటి అన్నచోట మార్కులొక్కటే రాయకండి. మీరు ఇంట్లో తెలుగు, బడిలో గుజరాతీ, వీధిలో హిందీ మాట్లాడుతున్నారు. మూడు భాషలు మాట్లాడేవాడికి మార్కెట్‌లో, రవాణాలో, ఆఫీసుల్లో ఎంత విలువుందో మీకింకా తెలియదు. దారుల దగ్గర కనీసం మూడు రాయండి. ఒక్కటే రాస్తే అది ఎంపిక కాదు.

ఇంతవరకూ కాగితం పని. అసలు పని రెక్కీ. శత్రువున్న కొండను మ్యాపులో చూసి ఎవ్వరూ ఎక్కరు. ముందు ఇద్దరు ముగ్గురు వెళ్ళి కళ్ళతో చూసి వస్తారు. మీరూ అలాగే పనుల్ని చూసి రండి. అందుకు ఈ జోల్వా కన్నా మంచి చోటు లేదు. కడోదరా, బార్డోలీ రోడ్డు వెంట ఎన్ని మిల్లులున్నాయో చూడండి. ఒక్క చీర బయటికి రావాలంటే నూలు తయారుకావాలి, మెలి పెట్టాలి, వార్పింగ్ చేయాలి, నేయాలి, రంగు వేయాలి, ప్రింటు కొట్టాలి, ఎంబ్రాయిడరీ, మడత, ప్యాకింగ్ అన్నీ కావాలి. వీటి చుట్టూ ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, బాయిలర్ దగ్గర సర్టిఫికెట్ ఉన్న మనిషి, మురికినీటి శుద్ధి దగ్గర ల్యాబ్ పిల్లలు, జకార్డ్‌కు కంప్యూటర్ మీద డిజైన్ గీసేవాళ్ళు, 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చాక లెక్కలు చూసేవాళ్ళు ఉన్నారు. మన పిల్లల్లో ఎక్కువమంది చూసింది మాత్రం ఒక్క సాంచాల షెడ్డే.

రెక్కీకి మూడు నియమాలు చెప్తాను. ఒకటి, పనిని దాని కష్టమైన గంటలో చూడండి. పన్నెండు గంటల షిఫ్టులో మొదటి గంట కాదు, పదకొండో గంట చూడండి. ఆ చప్పుడులో పక్కమనిషి మాట వినబడుతుందో లేదో చూడండి. రెండు, ఆ పనిలో ఐదేళ్ళున్న మనిషినీ, ఇరవై ఏళ్ళున్న మనిషినీ విడివిడిగా అడగండి. జీతమెంత అని కాదు, "మీ అబ్బాయిని ఇందులోకి పంపుతారా" అని అడగండి. జవాబుకు ముందు ఎంతసేపు ఆలోచిస్తారో అది కూడా గమనించండి. మూడు, 18 ఏళ్ళు నిండనివాళ్ళు యజమాని అనుమతి లేకుండా షెడ్డులోకి వెళ్ళొద్దు, మిషన్ ముట్టుకోవద్దు. చూడడం, అడగడం వరకే.

చూసొచ్చాక కూడా తేలలేదనుకోండి. అప్పుడు తలుపులు మూయని దారి ఎంచుకోండి. ఉదాహరణకు, పదో తరగతి తరవాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కోర్సులు రెండేళ్ళు. ఆ సర్టిఫికెట్‌తో ఉద్యోగానికి పోవచ్చు, అప్రెంటిస్‌గా చేరవచ్చు, లేదంటే డిప్లొమా రెండో ఏడాదిలో ప్రవేశానికి ప్రయత్నించవచ్చు. డిప్లొమా అయ్యాక ఇంజనీరింగ్ డిగ్రీ రెండో ఏడాదికీ అలాగే దారుంది. అంటే పదహారేళ్ళకు తేల్చుకోలేనిది పద్దెనిమిదికి, అప్పుడూ కాకపోతే ఇరవై ఒకటికి తేల్చుకోవచ్చు. ఈలోపు చేతిలో పని ఉంటుంది. ఏ దారి పట్టినా ఒక తేదీ రాసిపెట్టుకోండి. ఆ రోజు దాకా మనసు పెట్టి చేయండి, ఆ రోజు కూర్చుని మళ్ళీ తూచుకోండి. రోజూ తూచుకుంటే ఏ పనీ సాగదు.

ఇక సైన్యం గురించి. నేను ఫౌజీని కాబట్టి అందర్నీ సైన్యంలో చేరమంటానని మీరు అనుకుంటూ ఉంటారు. అనను. ఏమీ తోచలేదు కాబట్టి మిలిటరీకి పోతానంటే అది సరైన కారణం కాదు. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో జవాన్ల భర్తీ నాలుగేళ్ళకు జరుగుతోంది. తరవాత 25 శాతం వరకూ రెగ్యులర్‌గా తీసుకుంటారని నిబంధన. మిగతావాళ్ళు సేవానిధితో బయటికి వస్తారు. వడ్డీతో కలిపి దాదాపు 11.71 లక్షలని ప్రకటించినప్పుడు చెప్పారు. వాళ్ళకు పెన్షన్ లేదు. అంటే అగ్నివీర్‌గా వెళ్ళే కుర్రాడు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకు ఇదే ప్రశ్న మళ్ళీ ఎదుర్కోవాలి. అది తెలిసి, రెండో అడుగు కూడా ఆలోచించుకుని వెళ్ళేవాడికి ఆ నాలుగేళ్ళు బంగారం. తెలియకుండా వెళ్ళేవాడికి పెద్ద దెబ్బ. నమ్మకం లేకపోతే ముందు ఎన్‌సీసీలో చేరి చూడండి. అది కూడా రెక్కీయే.

ఆడపిల్లలకూ ఇదే మాట. సైనిక పోలీసు దళంలో తొలి బ్యాచ్‌గా 83 మంది మహిళా జవాన్లు 2021 మేలో బెంగళూరులో శిక్షణ పూర్తిచేశారు. ఎన్‌డీఏ నుంచి మొదటిసారి 17 మంది అమ్మాయిలు 2025 మేలో బయటికొచ్చారు. మీ నోటుబుక్కులో కూడా మూడు దారులుండాలి తల్లీ. పెళ్ళి దారుల్లో లెక్కకు రాదు.

ఇప్పుడు తల్లిదండ్రులకు చేతులు జోడించి ఒక మాట. పిల్లవాడి పేరు మీద సేటు దగ్గర అడ్వాన్సు తీసుకోకండి. ఇంట్లో కష్టం నాకు తెలుసు. సిరిసిల్లలో మా ఇంట్లోనూ బాకీలుండేవి. కానీ ఒక్కసారి బాకీ పడ్డాక ఆ పిల్లవాడికి ఎంచుకోవడమనేది ఉండదు. బాకీ తీరేదాకా ఆ షెడ్డే. మీరు వాడికి ఇవ్వగలిగిన ఆస్తి రెండేళ్ళ సమయం. ఎకరం పొలం ఇచ్చినట్టే అది.

మా వీధిలో ఒక కుర్రాడున్నాడు, పేరు వద్దు. పది పాసై ఏడాది ఇంట్లో కూర్చున్నాడు. ఏమడిగినా "ఏమో అంకుల్" అనేవాడు. వాళ్ళ నాన్న అడ్వాన్సు మాట దాకా వచ్చాడు. నెల రోజులు ఆగమని నేనడిగాను. ఆ నెలలో వాణ్ణి నాలుగు చోట్లకు పంపాను. అకౌంట్లు రాసేవాడి పక్కన రెండ్రోజులకే నిద్రొచ్చిందన్నాడు. బట్టల మార్కెట్‌లో బేరాల గోల తట్టుకోలేనన్నాడు. సాంచాల షెడ్డులో పదకొండో గంట చూసి ఏమీ మాట్లాడలేదు. మా మిల్లులో ఎలక్ట్రీషియన్ ప్యానెల్ తెరిచి తప్పు వెతుకుతుంటే మాత్రం మధ్యాహ్నం అన్నం సంగతి మరిచిపోయాడు. ఇప్పుడు ఐటీఐలో ఉన్నాడు. మొన్న "ఇదేనారా నీ దారి?" అని అడిగితే మళ్ళీ "ఏమో అంకుల్" అన్నాడు. కానీ ఈసారి చేతిలో టెస్టర్ ఉంది. వాళ్ళ నాన్న కూడా అడ్వాన్సు మాట ఎత్తడం లేదు.

పిల్లలూ, ఇంటికెళ్ళి ఈ రాత్రే మూడు దారులు రాయండి. వచ్చే ఆదివారం లోపల ఒక్క పనినైనా దగ్గర నుంచి చూసి రండి. ఎవర్ని అడగాలో తెలియకపోతే మన సంఘం సభ్యుల్ని పట్టుకోండి. మాలో డ్రైవర్లు, సిగ్నల్స్‌వాళ్ళు, నర్సింగ్ అసిస్టెంట్లు, క్లర్కులు, మెకానిక్‌లు అందరూ ఉన్నారు. మా షిఫ్టు అయ్యాక ఎప్పుడొచ్చినా కూర్చోబెట్టి మాట్లాడతాం.

 జై హింద్.