చెన్నపురిలో ఒక పగలు



మన పల్లెలనుండి శ్రీరంగమునకో, మధురకో, రామేశ్వరమునకో బయలుదేరువారికి త్రోవలో చెన్నపట్టణము తగులును. ఉత్తరమునుండి పోవు బండ్లలో కొన్ని తెల్లవారునప్పటికి మనలను సెంట్రలు స్టేషనులో దింపును. దక్షిణమునకు మనమెక్కు బండి తరచుగా రాత్రికి గాని యుండదు. అదియు వేరొక స్టేషనగు ఎగ్మూరునుండి. నడుమ ఒక పగలు మిగులును. ఆ పగటిని ఏమి చేయవలెననునదియే నేటి నా ప్రసంగము.

ఇంత స్వల్ప విషయమునకు రేడియోలో ప్రసంగమేల యని మీకు తోచవచ్చును. నాకును ఒకప్పుడట్లే తోచెడిది.

ఇట్టి పగటిని గడపుటలో మనవారు రెండు తెగలుగా నున్నారు. మొదటి తెగవారు ప్లాటుఫారముపై తువ్వాలు పరచి, మూటలు నడుమ పెట్టుకొని, చుట్టును కూర్చుండి, ఉదయమునుండి సాయంకాలము వరకు మూటలను లెక్కించుచుందురు. పట్టణము మాట యెత్తినచో, "మనకెందుకయ్యా, తప్పిపోతే భాష రాదు" అందురు. రెండవ తెగవారు, ఇంతదూరము వచ్చి చూడకపోవుదుమా యని, పట్టణమునంతటిని ఒక్క పూటలో మ్రింగజూతురు. నేను రెండవ తెగవాడను. బడిపంతులునగుటచే ఆ తెగలోను ముందు వరుసవాడను.

2006లో నేనును, నా భార్యయు, మా అక్కగారును శ్రీరంగ యాత్రకు బయలుదేరితిమి. మాది పల్నాడు. అక్కగారికి అప్పటికి అరువది నాలుగేండ్లు. కృష్ణ వరదలెన్నో చూచిన మనిషియే గాని సముద్రమును కన్నులజూచి యెరుగదు. బండిలో ఆమె నన్నడిగినది ఒక్కటియే: "తమ్ముడూ, ఆ ఊళ్ళో సముద్రం కనపడుతుందా?" కనబడునని చెప్పి, కాగితము తీసి దినచర్య వ్రాసితిని. కోట, మ్యూజియము, మైలాపూరు కపాలీశ్వరుడు, పొట్టి శ్రీరాములుగారు ప్రాణము విడిచిన ఇల్లు, తిరువల్లిక్కేణి పార్థసారథి, తుదకు సముద్రము. ఒక్కొక్క దానికి ముప్పాతిక గంట. సముద్రము సాయంకాలము చూడదగినది గావున దానిని చివర ఉంచితిని. ఆ తర్కములో దోషమేమియు నాకు కనబడలేదు.

సామాను గదికి ఇచ్చు రుసుము దండుగయని మూటలను వెంట త్రిప్పితిని. కపాలీశ్వరాలయము చేరునప్పటికి మధ్యాహ్నపు తలుపులు పడినవి. నాలుగు గంటల వరకు అరుగుపై కూర్చుంటిమి. ఆటోవానితో బాడుగ తగవు ఒకటి. అతనిది అరవము, నాది గ్రాంథికము. పార్థసారథి దర్శనము ముగించి వెలుపలికి వచ్చునప్పటికి ఆరు దాటినది. మా బండి ఏడున్నరకు. వీథులు బండ్లతో కిక్కిరిసి యున్నవి. అచ్చటికి సముద్రము అరమైలు దూరముండును. అక్కగారు ఆటోలో కూర్చుండి, తల యెత్తి, "గాలి ఉప్పగా ఉందిరా తమ్ముడూ" అనెను. నేను గడియారము చూచుకొని ఆటోను ఎగ్మూరు వైపునకు మరలింపుమంటిని. ఆమె కొంతసేపూరకుండి, "పోనీలే, మరోసారి వచ్చినప్పుడు చూద్దాం" అనెను.

2009లో ఆమె కాలము చేసెను. ఆ మరియొకసారి రాలేదు. శ్రీరంగనాథుని దర్శనము లభించినది గదా యని ఇంటివారు నన్నోదార్చిరి. కాని ఆమె అడిగినది శ్రీరంగనాథుని గాదు.

మరల ఆ త్రోవను పోవుట 2024 మాఘ పూర్ణిమనాడు, అనగా ఫిబ్రవరి 24వ తేదీన, తటస్థించెను. ఈమారు మేమిద్దరమే. నా భార్యకు మోకాళ్ళ నొప్పి. బయలుదేరుటకు ముందే అడిగితిని: "నీకేమి చూడవలెనని యున్నది?" ఆమె తడుముకొనక "సముద్రం" అనెను. "మీకో?" అని నన్నడిగెను. అమరావతి రాళ్ళు అంటిని. అంతటితో జాబితా ముగిసినది. పగటి యెండలో నీడపట్టున ఒకటి, చల్లబడిన తరువాత ఆరుబయట ఒకటి.

మైలాపూరును విడిచితిరా యని ఒక మిత్రుడు నాతో వాదించెను. 1952 అక్టోబరు 19న నిరాహార దీక్ష పూని, 58 దినములు నిలిచి, డిసెంబరు 15వ తేదీ రాత్రి శ్రీరాములుగారు అసువులు బాసినది మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట. మరుసటి యేడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మేర్పడెను. తెలుగువాడు ఆ యిల్లు చూడక చెన్నపురి దాటుట సబబా? నాయొద్ద సమాధానము లేదు. మీలో ఎవరి మనసు అందున్నదో వారు దానినే ముందు చూడుడు. మేము మాత్రము, మరియొకసారి యను మాట నమ్మదగినది కాదని యెరిగియు, దానిని విడిచితిమి.

ఇక ప్రయాణపు పద్ధతి చెప్పెదను. దిగిన చోట సామాను ఉంచుట చాలమంది చేయు పొరపాటు; ఎక్కవలసిన చోట ఉంచవలెను. సెంట్రలునుండి ఎగ్మూరునకు నేలక్రింద పోవు మెట్రో బండి 2018నుండి నడచుచున్నది. సెంట్రలు తరువాతి స్టేషనే ఎగ్మూరు. దిగుటకు, ఎక్కుటకు లిఫ్టులున్నవి. మోకాళ్ళు బాగులేనివారు మెట్లకు భయపడనక్కరలేదు. ఎగ్మూరు సామాను గదిలో టిక్కెట్టు చూపి పెట్టెలు అప్పగించుడు. తాళము లేని సంచిని వారు తీసికొనరు గనుక ఇంటినుండియే చిన్న తాళములు తీసికొని పోవుడు. మూటలో డబ్బు, మందులు, కండ్లద్దాలు విడువవలదు. నిశ్చింతగా పండుకొనగోరువారికి స్టేషనులలో విశ్రాంతి గదులు కలవు. రిజర్వు టిక్కెట్టు ఉన్నవారు వానిని ముందుగా కోరవచ్చును. మేము నిరీక్షణ మందిరముతోనే సరిపెట్టుకొని, స్నానము చేసి, ఇడ్డెనలు తిని, కాఫీ త్రాగితిమి. చెన్నపురి కాఫీని గూర్చి చెప్పబూనినచో నాకిచ్చిన సమయము చాలదు.

మరియొక మాట. టిక్కెట్టుపై బండి ఏ స్టేషనునుండి బయలుదేరునో చదువుకొనుడు. ఇటీవలి కాలమున ఎగ్మూరులో పునర్నిర్మాణపు పనుల కారణమున కొన్ని బండ్లను తాంబరమునుండి నడపుట కలదు. తాంబరము అచ్చటికి సుమారు 25 కిలోమీటర్లు. ఈ సంగతి సాయంకాలము తెలియుట మేలు గాదు.

ఎగ్మూరు స్టేషనుకు దాపుననే పాంథియన్ రోడ్డుపై ప్రభుత్వ మ్యూజియ మున్నది. 1851లో స్థాపింపబడినది. శుక్రవారము సెలవు. లోపల భవనములు పెక్కులు. అన్నిటిలో తిరిగినచో కాళ్ళు పడిపోవును, ఒక్కటియు జ్ఞాపకముండదు. మేము తిన్నగా అమరావతి శిల్పముల శాలకు పోయితిమి.

అమరావతి మనకు క్రొత్తది గాదు. కృష్ణలో మునిగి, అమరేశ్వరుని సేవించి వచ్చుచునే యుందుము. ఊరి ప్రక్కనున్న స్తూపపు దిబ్బ శతాబ్దముల కొలది మరుగుపడి యుండెను. పదునెనిమిదవ శతాబ్దపు చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అచ్చట పట్టణము కట్టించునప్పుడు దిబ్బనుండి రాళ్ళు బయల్పడినవి. 1797లో మెకంజీ దొర వచ్చి చూచెను. కొన్ని ఫలకములు కట్టడములలో కలిసిపోయినవి, కొన్ని సున్నపు బట్టీలలో కాలిపోయినవి. 1845లో వాల్టరు ఎలియట్ త్రవ్వించి పెక్కు ఫలకములను చెన్నపట్టణము చేర్చెను. వానిలో అనేకములు 1859లో ఓడనెక్కి లండను పోయినవి; నేడు బ్రిటిషు మ్యూజియములో నున్నవి. మిగిలినవి, తరువాత త్రవ్వినవానిలో చాలభాగము, ఇక్కడ నున్నవి. మన ఊరి రాయిని చూచుటకు మనమే రైలెక్కి పోవలసి వచ్చుట నాకు కొంత కష్టముగనే తోచెను. కాని సున్నముగా కాలిపోకుండ నిలిచినదే పదివేలు.

ఆ రాయి మా పల్నాటి సున్నపురాయియే. నా భార్య దానిని చూచినంతనే, "మన పెరట్లో బట్టలుతుకుకొనే బండ ఇదే రంగు గదండీ" అనెను. మా పక్కనున్న యువకుడొకడు నవ్వెను గాని, ఆమె మాటయే నిజము.

అందులో ఒక గుండ్రని ఫలకము ఎదుట మేము అరగంట నిలిచితిమి. దేవదత్తుడు బుద్ధుని చంపింపగోరి నాలాగిరి యను మదపుటేనుగును రాజగృహపు వీథిలోనికి వదలించెనని బౌద్ధుల కథ. ఆ చక్రములో ఎడమ ప్రక్క ఏనుగు పిచ్చెత్తి మనుష్యులను విసరి త్రొక్కుచున్నది. జనులు చెల్లాచెదరగుచున్నారు. మేడల కిటికీలనుండి తలలు తొంగిచూచుచున్నవి. కుడి ప్రక్క అదే ఏనుగు బుద్ధుని పాదములకడ మోకరించి యున్నది. ఒకే వీథి, ఒకే ఏనుగు, రెండు క్షణములు. నడుమ గీత లేదు. నేను నలువది యేండ్లు ప్రబంధములు చెప్పినవాడను. మహాకవికి ఒక ఆశ్వాసము పట్టు కథను ఈ శిల్పి బండిచక్రమంత రాతిలో ఇమిడ్చెను. నాకంటె ముందే నా భార్య ఆ ఫలకములో ఒక స్త్రీని కనిపెట్టినది. భయముచే వెనుకకు వాలి ప్రక్కనున్నవానిని పట్టుకొని యున్నది. "పాపం, ఎవరి బిడ్డో" అనెను. ఎన్నో వందల యేండ్ల క్రిందటి ఆడుదానిని గూర్చి.

తరువాత కంచు విగ్రహముల శాలలో తిరువాలంగాడు నటరాజును దర్శించి వెలుపలికి వచ్చితిమి. పండ్రెండు గంటలైనది. భోజనము చేసి, స్టేషనుకు మరలి, ఫ్యాను క్రింద రెండు గంటలు నిద్రించితిమి. నిద్రించుట కాలమును వ్యర్థపరచుట యని మీరనుకొనవలదు. పెద్దవారు మధ్యాహ్నము నడుము వాల్చనిచో సాయంకాలము చూచినదేదియు కంటికెక్కదు.

నాలుగున్నరకు, బాడుగ ముందే తేల్చుకొని, మెరీనాకు ఆటో కట్టించుకొంటిమి. సుమారు అయిదు కిలోమీటర్లు. వివేకానంద భవనము ఎదుట దిగితిమి. అది 1842లో అమెరికానుండి ఓడలలో తెచ్చిన మంచుగడ్డలను దాచుటకు కట్టిన కొట్టు. 1897లో స్వామి వివేకానందుడు అందు బస చేయుటచే ఆ పేరు వచ్చినది. అచ్చట రోడ్డునుండి నీటి దాపు వరకు ఇసుక చాల వెడల్పు. మోకాళ్ళ నొప్పిగలవారికి ఆ ఇసుకయే ఎడారి. కాని ఆ భవనమున కెదురుగా 2022 నవంబరులో ఇసుకపై ఒక కొయ్యబాట వేసిరి. చక్రముల కుర్చీలలో వచ్చువారి కొరకు వేసినది. ముసలివారికిని అదియే శరణ్యము. మరునెలలోనే తుపాను దానిని దెబ్బతీయగా మరల బాగుచేసిరి. 2006లో ఆ బాట లేదు. ఉన్నను మేమంత దూరము పోలేదు గదా!

నా భార్య కొయ్యబాట వెంబడి చేయి పట్టుకొని నెమ్మదిగా నడచెను. మాఘ పూర్ణిమ గావున సముద్రస్నానము చేయవలెనని ఆమె సంకల్పము. అచ్చట లోపలి ఒరవడి బలమైనది. నీటిలో దిగరాదని నిషేధ మున్నది. చెంబుతో నీరు తెచ్చి యిచ్చితిని. మూడుమారులు శిరస్సున చల్లుకొనెను. నాలుగవమారు కొంత నీరు ఇసుకలో వదలి, మా అక్కగారి పేరు చెప్పెను. నేనామెతో ఆ మాట యెత్తియుండలేదు.

పిమ్మట కొబ్బరి, మామిడి కలిపిన బఠాణీ గుగ్గిళ్ళు కొని కూర్చుంటిమి. సూర్యుడు వెనుక మేడల చాటున దిగెను. ఎదుట నీటిమీద చంద్రుడు ఎర్రగా పైకి వచ్చెను. ఏడు గంటలకు లేచితిమి.

ఎగ్మూరు చేరునప్పటికి మా బండికి ఇంకను గంటన్నర వ్యవధి యుండెను. సామాను విడిపించుకొని బల్లపై కూర్చుండగా, నా భార్య చీర కుచ్చెళ్ళు దులిపెను. ప్లాటుఫారముపై ఇసుక రాలెను.