కుట్లు వేశాక వచ్చే వారం

 పశువైద్య పట్టాలు అందుకున్న మీకూ, వెనక వరసల్లో మీకంటే సంబరంగా కూర్చున్న మీ అమ్మానాన్నలకూ అభినందనలు. ఆ నల్ల గౌన్లలో మీరెంత ఉడికిపోతున్నారో నాకు తెలుసు గనక మర్యాదలు ఇంతటితో ఆపేస్తాను.

దేశ పశుసంపద భవిష్యత్తు గురించి మాట్లాడమన్నారు. అది మీ ఆచార్యులు నాకంటే బాగా చెప్తారు. నేను కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులో గొడ్ల డాక్టరుగా బతికినవాణ్ణి. పేగు ఆపరేషన్ అయిన కుక్కకు ఇంటికెళ్ళాక ఏం పెడతారన్నది నాకున్న పెద్ద బెంగ. నవ్వకండి, దాని గురించే మాట్లాడబోతున్నాను.

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్ప గారు 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. మగ్గం ఉన్న ఇంట్లో తెగిన పోగులు ఏదో ఒక మూల పడే ఉంటాయి. పడుగుకు గంజి పెడతారు కాబట్టి ఆ పోగులకు అన్నం వాసన. కుక్కకు అంతకంటే ఏం కావాలి?

అలా పోగులు మింగిన నాటుకుక్కనొకదాన్ని ఒక ఇంటివాళ్ళు నా దగ్గరికి తెచ్చారు. తిండి లేదు, తాగిన నీళ్ళూ వాంతి. దవడ కింద బొటనవేలితో నొక్కి నాలుకను పైకి లేపితే, దాని మొదలు దగ్గర తెల్ల పోగొకటి చర్మాన్ని కోసుకుని కూరుకుపోయి ఉంది. ఒక కొస అక్కడ, రెండో కొస పేగుల్లో. వాంతులతో వచ్చిన ఏ కుక్కకైనా నాలుక కింద చూడండి, పోగు కనిపిస్తే పట్టి లాగకండి. లాగితే పేగు గోడను కోసుకుంటూ వస్తుంది. పొట్ట తెరిచేసరికి చిన్నపేగు చీర కుచ్చిళ్ళలాగా ముడుచుకుపోయి ఉంది. నాలుక దగ్గర పోగు కత్తిరించి, పేగును రెండు మూడు చోట్ల కోసి దారమంతా తీశాం. చిన్నపేగు చివర కొంత మేర నల్లబడి చచ్చిపోయింది. ఆ ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టాం.

ఇంటికి పంపేటప్పుడు నా దగ్గరుండే కుర్ర డాక్టరు ఆ ఇంటి అవ్వతో "లైట్ ఫుడ్ పెట్టండి" అన్నాడు. అవ్వ బుద్ధిగా ఉగ్గాని పెట్టింది. కర్నూలు, బళ్ళారి పిల్లలు అప్పుడే నవ్వుతున్నారు. తెలియనివాళ్ళ కోసం చెప్తాను: తడిపిన బొరుగులు, నూనె, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ, పైన పప్పుల పొడి. "తేలికది పెట్టమంటిరి కదా సార్, ఉగ్గాని కంటే తేలికది ఏముంటాది?" అంది. ఏం జవాబు చెప్పను? ఉల్లిపాయ కుక్కల ఎర్ర రక్తకణాలను పగలగొడుతుందని ఆమెకెవరు చెప్పారు? పక్కన మిరపకాయ బజ్జీ పెట్టలేదు, అదే పదివేలు.

ఆపరేషన్ అయిన మూడో రోజున వాంతులు, నీళ్ళ విరేచనాలు. పేగు కుట్లు విడిపోయే ప్రమాదం మూడు నుంచి ఐదో రోజు మధ్యే ఎక్కువ. అంచుల్లో పాత కొలాజెన్ కరుగుతూ, కొత్తది ఇంకా గట్టిపడని కాలం అది. చీకటి పడింది, ల్యాబు మూసేశారు. అవ్వకు షుగరుంది. ఆమె గ్లూకోమీటరే తెప్పించి కుక్క రక్తంలో ఒకసారి, పొట్టలోంచి సూదితో తీసిన ద్రవంలో ఒకసారి గ్లూకోజు చూశాను. లోపల చీము పడితే బాక్టీరియా, తెల్లకణాలు ఆ చక్కెరను తినేస్తాయి. రక్తంలో కంటే ద్రవంలో డెసిలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి తక్కువుంటే అనుమానించాలి. కానీ అప్పుడే ఆపరేషన్ అయిన పొట్టలో ఆ ఒక్క అంకెను నమ్ముకోకూడదు. అందుకని ఓ చుక్క స్లైడు మీద వేసి, రంగు పట్టించి, ఆసుపత్రి పాత మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. బాక్టీరియాను మింగిన తెల్లకణాలు కనబడలేదు. జ్వరం లేదు, పొట్ట నొక్కితే నొప్పీ లేదు. కుట్లు గట్టిగానే ఉన్నాయి. పాపం ఉగ్గానిదే.

నాయనలారా, తల్లులారా, కుట్లు అందంగా వేయడం మీకు నేర్పారు. ఆ అవ్వతో నాలుగు మాటలు మాట్లాడటం ఎవరూ పరీక్షలో అడగలేదు, అందుకే మీరు నేర్చుకోలేదు! ఆ నాలుగు మాటల్లో మొదటిది తిండి. పేగు కోసిన కుక్కను పస్తు పెట్టాలని ఇప్పటికీ చెప్పే డాక్టర్లున్నారు. కానీ వాంతులు లేకపోతే 12 నుంచి 24 గంటల్లోపే కొద్దికొద్దిగా పెట్టడం మొదలుపెట్టాలి. పేగు లోపలి పొర తన పోషణను చాలావరకు తన మీదుగా పోయే తిండిలోంచే తీసుకుంటుంది. పస్తు పెడితే ఆ పొర పలచబడుతుంది. తోలు తీసిన కోడిమాంసం ఉప్పూకారం, నూనె లేకుండా ఉడికించి మెత్తటి అన్నంలో కలిపి, రోజుకు ఐదారు సార్లు. పాలు వద్దు, బొక్కలు వద్దు. పది కిలోల కుక్కకు కదలకుండా పడుకోవడానికే రోజుకు సుమారు 400 కేలరీలు కావాలి. కానీ అవ్వకు కేలరీలు చెప్పకండి, ఆమె ఇంట్లో ఉన్న గ్లాసు కొలతలో చెప్పండి. నొప్పికి మనుషుల డైక్లోఫెనాక్ మాత్ర వేయొద్దనీ చెప్పండి, కడుపులో పుళ్ళు పడతాయి. రాబందులను కాపాడటానికి 2006లో పశువైద్యంలో నిషేధించిన మందది. మనుషుల మాత్ర మాత్రం ప్రతి మెడికల్ షాపులోనూ ఉంది.

ఆ కుక్క కోలుకుంది గానీ విరేచనం వారాల తరబడి పలచగానే పోయింది. ఇక్కడ మీలో చాలామంది చెయ్యి తనంతట తానే మెట్రోనిడజోల్ రాసేస్తుంది. నాకు తెలుసు, మీ చీటీలు నేను చూస్తూనే ఉంటాను. కాస్త ఆగి, ఏ ముక్క తీసేశారో గుర్తు తెచ్చుకోండి. బి12 ఒంటికి పట్టేది చిన్నపేగు చివరి భాగంలోనే. పైత్యరస లవణాలు తిరిగి రక్తంలోకి చేరేదీ అక్కడే, చేరకపోతే పెద్దపేగులోకి దిగి విరేచనం పట్టిస్తాయి. ఆ కుక్కకు వారానికొకటి చొప్పున ఆరు వారాలు బి12 ఇంజెక్షన్ వేశాం, తిండిలో కొవ్వు తగ్గించాం. మిగిలిన పేగు మెల్లగా వెడల్పై, పోయిన ముక్క పని కూడా అందుకుంటుంది. దానికి నెలలు పట్టొచ్చు. ఈ మాట మొదటి రోజే చెప్తే ఇంటివాళ్ళు ఓపిక పడతారు. చెప్పకపోతే మందు పనిచేయలేదని ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు, అక్కడ ఇంకో మెట్రోనిడజోల్.

మీలో కొందరికి మా వైపు పోస్టింగ్ వస్తుంది. మొహం చిన్నబుచ్చుకోకండి, ఉగ్గాని మీకైతే బాగుంటుంది. పేగు ఆపరేషన్ చేసిన ప్రతి కుక్కతో ఒక కాగితం పంపండి. తెలుగులో రాయండి, ఆలూరు, హొళగుంద వైపైతే కన్నడంలో కూడా. ఏం పెట్టాలి, ఏ గ్లాసుతో, ఎన్నిసార్లు, ఏవి పెట్టకూడదు, ఏం కనిపిస్తే అర్ధరాత్రైనా లేపాలి, అన్నీ రాసి అడుగున మీ ఫోను నంబరు వేయండి. ఫోను మోగితే ఎత్తండి.