మాంత్రికుడికి తెలియని లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరు కదా, సిమెంటు గురించి చెబుతాడని కొందరు భయపడినట్టున్నారు. భయం వద్దు. ఈరోజు ఒక మాంత్రికుడి గురించి చెబుతాను. సిమెంటు చివర్లో కొంచెం వస్తుంది, ఓర్చుకోండి.

మన తరానికి కత్తులూ మంత్రాలూ రెండు దారుల్లో వచ్చాయి. ఒకటి చందమామ. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'మకరదేవత', 'కంచుకోట', 'రాకాసిలోయ' అంటూ వరసగా ధారావాహికలు రాశారు. వాటి మీద ఆయన పేరు కూడా ఉండేది కాదు. చిత్రా గారి బొమ్మలు మాత్రం కళ్లలో నిలిచిపోయేవి. అట్టలూడిన పాత సంచికలు ఇల్లిల్లూ తిరిగి మన చేతికొచ్చేవి. మధ్యలో ఒక నెల సంచిక దొరక్కపోతే ఆ భాగం మనమే అల్లుకునేవాళ్లం.

రెండోది సినిమా. 'పాతాళభైరవి' 1951 మార్చి 15న విడుదలైంది. చందమామ పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే ఆ సినిమా తీశారు. రచన పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్‌లే. దర్శకుడు కె.వి.రెడ్డి గారు ఎవరో కాదు, మన జిల్లా తాడిపత్రి వైపు మనిషి.

కథ మీకు తెలిసిందే. నేపాళ మాంత్రికుడికి పాతాళభైరవి ప్రతిమ కావాలి. ఏది కోరితే అది ఇచ్చే బొమ్మ అది. దానికి ధర, ఒక సాహసవంతుడైన యువకుడి బలి. అందుకు తోటరాముణ్ణి వెతికి పట్టుకుంటాడు. గుట్టు తెలిసిన రాముడు మాంత్రికుణ్ణే బలి ఇస్తాడు. శిష్యుడు సదాజప మళ్లీ బతికిస్తాడు. రెండోసారి ప్రాణం దొరికినా అతను మారడు. రాకుమారి మెప్పు కోసం, తన శక్తి దాగిన గడ్డాన్ని తీయించుకుంటాడు. ఇక మళ్లీ లేవడు.

అప్పటికి ఎస్వీ రంగారావు గారికి ముప్పై మూడేళ్లు కూడా నిండలేదు. ఆటలో మనమందరం తోటరాముళ్లమే, కానీ నడక మాత్రం మాంత్రికుడిదే నడిచేవాళ్లం. "డింభకా" అని పిలవని పిల్లవాడు మన బడిలో లేడు. ఎందుకంటారు? అతనికి విద్య ఉంది, ధైర్యం ఉంది, పట్టుదల ఉంది. మనకు మాస్టార్లు ఏమేం ఉండాలని చెప్పేవారో అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే. కోరిక నాది, చెల్లించేది ఇంకొకడు అనుకున్నాడు. అతను పోయింది మంత్రం తప్పి కాదు, ఈ లెక్క తప్పి.

కాలేజీ హాస్టల్లో ఒక ఇంగ్లీషు కథల వరస చదివాను. మైకేల్ మూర్‌కాక్ 1961లో మొదలుపెట్టిన ఎల్రిక్ కథలవి. ఎల్రిక్ ఒక పురాతన రాజ్యానికి చివరి చక్రవర్తి. ఒంట్లో సత్తువ లేదు. అతని నల్లకత్తి స్టార్మ్‌బ్రింగర్ నరికిన వాళ్ల ఆత్మలు తాగి, ఆ బలం అతనికిస్తుంది. ప్రేమించిన అమ్మాయి కూడా ఆ కత్తికే బలవుతుంది. మన మాంత్రికుడికి పశ్చాత్తాపం లేదు. ఎల్రిక్‌కు ఉంది. ఏడుస్తాడు, కత్తిని అసహ్యించుకుంటాడు, మళ్లీ దాన్నే పట్టుకుంటాడు. చివరికి ఆ కత్తే అతన్ని చంపుతుంది.

ఉద్యోగంలో చేరాక ఆ కత్తిని మన పల్లెల్లోనే చూశాను. దాని పేరు బోరు.

మన జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నాతో చదివిన ఒకడి నాయన మూడో బోరు వేయించాడు. టెంకాయ పట్టి నీళ్లు చూశారు, ఇంట్లో కమ్మలు తాకట్టుకు పోయాయి. నీళ్లు పడ్డాయి, పండగ చేసుకున్నారు. రెండు ఎండాకాలాలు తిరక్కముందే పక్క చేనాయన బావి ఎండింది. ఆయన ఇంకా లోతుకు వేయించాడు. అప్పుడు మొదటి బోరు ఎండింది. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. ఎండిపోతున్న చెనక్కాయ చేను చూస్తూ ఏ రైతు ఊరుకుంటాడు? ఎల్రిక్ లాగే, వదిలితే నిలబడలేరు, పట్టుకుంటే మిగలరు. బోర్లకు అనుమతి ఉండాలని 2002లో చట్టం వచ్చింది. కానీ చట్టం కంటే రిగ్గు బండి వేగంగా పోతుంది.

ఇక మన ఊరి కథ. చెరువు కట్ట తెగబోతుంటే బసిరెడ్డి గారి కోడలు ముసలమ్మ ఊరి కోసం తనే గండిలోకి నడిచింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు దాన్నే 'ముసలమ్మ మరణం' కావ్యంగా రాశారు. ముసలమ్మ కట్ట మీద చేతులు జోడించని వాళ్లు మనలో లేరు. మాంత్రికుడు తన కోసం ఇంకొకణ్ణి అర్పించబోయాడు, ఆ తల్లి ఇతరుల కోసం తనను అర్పించుకుంది. నేనూ చేతులు జోడిస్తాను. కానీ ఇంజనీరుగా నా మొక్కు వేరు. అమ్మా, ఇంకే ఇంటి కోడలినీ అడగని కట్ట కట్టే బుద్ధి మాకివ్వు. మట్టి గట్టిగా దిమ్మిస చేస్తే, లోపలి వైపు రాతి పరుపు సరిగా ఉంటే, మరవకు తగినంత వెడల్పు ఉంటే, కట్ట ఎవరి ప్రాణమూ అడగదు.

పిల్లలకు ఒక్కటే చెబుతాను. మీ చేతికి రకరకాల బొమ్మలొస్తాయి, కోరింది ఇచ్చేవి. తీసుకోండి, తప్పులేదు. తీసుకునే ముందు ధర ఎంత అని మాత్రమే కాదు, చెల్లించేది ఎవరు అని కూడా అడగండి.

పెద్దలకు రెండు మనవులు. సంఘం నిధితో బడి లైబ్రరీలో పాత చందమామలు ఒక అలమారా నింపుదాం. రెండోది, వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద మన ఏడాది వాన అయిదున్నర లక్షల లీటర్లు పడుతుంది. కొంత వృథా పోయినా, మిగిలింది మన బడి ఆవరణలోనే ఇంకుడు గుంతల్లోకి దింపుదాం. గుంతలు కొలిచే పని, అంచనా వేసే పని నాది. పార పట్టే చేతులు మీలోంచి రావాలి.

సెలవు.