డప్పు మనది, మాట ఎవరిది?

(గగన్‌పహాడ్‌లో కళాకారులు, కార్యకర్తల సభలో చేసిన ప్రసంగ పాఠం)



విమానం పోయిందాక ఆగి మొదలుపెడుతున్నం. 2008ల ఎయిర్‌పోర్టు వచ్చిన కాడ నుంచి ఇక్కడ ఏ ఆట ఆడినా నడుమ నోరు మూసుకోవాల్సిందే.

ఆటపాటతోని ఆరోగ్యం సంగతి చెప్పుడు కొత్త పని కాదు. ఊరికి గత్తరొచ్చినా, టీకాలు వేసేటోళ్లొచ్చినా సాటింపు వేసింది మన తాతలే. డప్పు కాచి వాడవాడ తిరిగిండ్రు. కబురు అందరి ఇండ్లల్లకు పోయింది. కబురు మోసినోడు మాత్రం గడప అవతలనే నిలబడ్డడు. తర్వాత కుటుంబ నియంత్రణకు బుర్రకథలు వచ్చినయ్, ఎయిడ్స్‌కు వీధి నాటకాలు వచ్చినయ్, 2020ల కరోనాకు పాటలు వచ్చినయ్. గొంతు మనది, గజ్జె మనది. రాసిచ్చిన కాగితం మాత్రం పై నుంచి వస్తది.

డెంగీ మీద మేమూ ఒక ఆట కట్టినం. కాగితంల ఉన్నట్టే 'నీళ్లు నిలువ పెట్టొద్దు' అని పాడినం. ఒక బస్తీల ముసలవ్వ లేచి, "బిడ్డా, నల్లా రోజు విడిచి రోజు వస్తది. డ్రమ్ముల పట్టుకోకుంటే నీ పాట తాగాల్నా?" అన్నది. జనం పక్కున నవ్విండ్రు. మాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రే కూసొని ఆట మార్చినం. డెంగీ దోమ పెరిగేది మోరీలల్ల కాదు, నిలిచిన మంచినీళ్లల్ల. కుట్టేది పగటిపూట. దాని గుడ్లు డ్రమ్ము గోడకు, నీటి అంచుకు అంటుకుంటయ్. ఎండినా నెలల తరబడి బతుకుతయ్. గుడ్డు దోమ అయ్యేటందుకు వారం పది రోజులు చాలు. అందుకని ఉన్న నీళ్లు పారబోయాల్సిన పని లేదు. వారానికొక్కసారి డ్రమ్ము ఖాళీ అయిననాడు లోపలి గోడ పీచుతోని గట్టిగ తోమి, మళ్ల నింపి, మూతికి గుడ్డ కట్టాలె. ఇట్ల చెప్తే అవ్వ ఒప్పుకున్నది.

షెడ్డు సేటు వేషం కూడ కలిపినం. షెడ్ల వెనక పడేసిన టైర్లల్ల, డబ్బాలల్ల వాననీళ్లు నిలిస్తే అడిగేటోడు లేడు. పగలు కుట్టే దోమ కూలోన్ని పనికాడనే కుడతది గదా! ఇంటి డ్రమ్ముకేనా శిక్ష? 2020 అక్టోబర్‌ల అప్ప చెరువు తెగి హైవే కొట్టుకపోయింది, ఇక్కడ ప్రాణాలు పోయినయ్. చెరువుల లేసిన షెడ్లను 2024 ఆగస్టుల హైడ్రా కూలగొట్టింది. అదీ ఆటల పెట్టినం.

ఆఖరి సీను మాత్రం ఎవ్వరూ తీసెయ్యొద్దు. జ్వరం దిగింది, తగ్గిందని కూలోడు పనికి తయారైతడు. డెంగీల అసలు ప్రమాదం ఆ ఒకటి రెండు రోజులల్లనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నెత్తురు కనపడితే ఆసుపత్రికి ఉరకాలె. జ్వరానికి పారాసిటమాల్ తప్ప నొప్పుల గోలీలు, నొప్పుల సూదులు వద్దు.

నెల్లూరు జిల్లాల ఏమైందో యాది చేసుకుందాం. 1990-91 అక్షరాస్యత ఉద్యమంల కళాజాతాలు ఊరూరా తిరిగినయ్. చదువు చెప్పే పుస్తకంల సీతమ్మ కథ ఉన్నది, సారా కొంపలు ముంచే కథ. సర్కారు అనుకున్నది అక్షరాలు నేర్పుదామని. దూబగుంట ఆడోళ్లు నేర్చుకున్నది సారా దుకాణం మూయించుడు. తర్వాత వాళ్ల కథనే ఇంకో పాఠమైంది. 1992ల ఆడోళ్లు, అండ్ల ఎక్కువ మంది దళిత, వెనుకబడిన కులాల కూలీలు, సారా వేలం పాటలను అడ్డుకున్నరు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా బందైంది. 1995ల పెట్టిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997ల ఎత్తేసిండ్రు, అది వేరే కత. కానీ ఒక కథ వినుకుంట కూసున్నోళ్లే దాన్ని ముందుకు తీసుకపోయిండ్రు. జహీరాబాద్ దిక్కు దళిత అక్కలు 2008 నుంచి సొంత సంఘం రేడియోల తమ మాట తామే చెప్పిండ్రు.

అందుకే పైసలిచ్చి పాడుమన్న దగ్గర పాడుదాం, కూలి గట్టిగ అడుగుదాం. కానీ ఆట అయిపోంగనే జనాన్ని అడుగుదాం: ఇందుల ఏది అయితది, ఏది కాదు? కానిదాన్ని రాసుకుందాం. ఇప్పటికి రాసుకున్నవాటిల మొదటిది నల్లా నీళ్లు. వచ్చే సోమవారం డప్పులతోని మున్సిపల్ ఆఫీసు కాడికి పోతున్నం. అవ్వ ముందు నడుస్తనన్నది. పొద్దున తొమ్మిదింటికే రాండ్రి, డప్పులు కాచుకోవాలె.