ఊటకు పూలు, నీటికి పరీక్ష

(మన దేవాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన ఆలయంలో పూజ కలశంతో మొదలవుతుంది. గంగ మొదలు కావేరి వరకు ఏడు నదులను ఆ చిన్న పాత్రలోకి ఆహ్వానిస్తాము. ఇంగ్లండులో కుళాయి తిప్పి పట్టిన నీరే ఆ క్షణాన తీర్థమవుతుంది. వైద్యురాలిగానూ, ఒక పల్లెటూరి అమ్మమ్మకు మనుమరాలిగానూ ఆ నీటిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

నిరుడు వసంతంలో డెర్బీషైర్‌లోని టిస్సింగ్టన్ అనే పల్లెకు వెళ్ళాను. సున్నపురాతి నేలపై రాతి ఇళ్ళ చిన్న ఊరు. ఈస్టర్ ఆదివారంతో కలిపి లెక్కిస్తే నలభయ్యవ రోజున వచ్చే ఆరోహణ పండుగకు అక్కడివారు తమ ఊరి ఊటలను పూలతో అలంకరిస్తారు. చెక్క పలకలను నీట నానవేసి, ఉప్పు కలిపిన తడి బంకమట్టి పరచి, దానిపై పూరేకులు, ఆకులు, నాచు, గింజలు అద్ది చిత్రాలు కూరుస్తారు. వాన కురిస్తే నీరు జారిపోయేటట్లు రేకులను పెంకుటింటి పెంకులవలె ఒకదానిపై ఒకటి పేరుస్తారు. తరువాత మతగురువు ఊట ఊటకూ వెళ్ళి ప్రార్థన జరుపుతాడు. అది చూస్తున్నంతసేపూ తంగేడు, గునుగు పేర్చి చెరువు గట్టుకు నడిచే మన బతుకమ్మలే నా కళ్ళలో మెదిలారు. నీటికి పూలివ్వాలన్న ఆలోచన మన ఒక్కరిదే కాదన్నమాట!

ఈ ఆచారం పుట్టుకకు అక్కడ రెండు కథలు చెబుతారు. పద్నాలుగవ శతాబ్దపు మహామారి ప్లేగు నుండి తమ ఊరిని స్వచ్ఛమైన ఊటనీరే కాపాడిందని ఒకటి. 1615లో వచ్చిన అనావృష్టిలో కూడా ఊటలు ఎండలేదని మరొకటి. ప్లేగు ప్రధానంగా ఎలుకల మీది గోమార్ల ద్వారా వ్యాపించే జబ్బు. మంచినీరు దానిని ఆపజాలదు. ఈ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఊట పక్కన నిలుచున్న ఒక వృద్ధురాలి ముఖం చూసి మింగివేశాను. ఎందుకంటే, నా ఇరవై యేళ్ళ వయసులో అటువంటి మాటను మింగలేకపోయాను.

మా అమ్మమ్మగారి ఊరు కనిగిరి ప్రాంతం. ఊరికంతటికీ ఒక్క ఊటబావి. ఇరవై ఒకటో రోజున బాలింతచేత ఆ బావికే పసుపు, కుంకుమ పెట్టించి చేద వేయించేవారు. ఊళ్ళో పిల్లలకందరికీ గారపళ్ళు. అమ్మమ్మ నడుము వంగి, మెడ తిరగక, మనిషిని చూడాలంటే ఒళ్ళంతా తిప్పవలసి వచ్చేది. వైద్యవిద్య మూడవ సంవత్సరంలో వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు ఆమె రోగమేమిటో నాకు తెలిసిపోయింది. ఆ సీమలోని ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లోనే ప్రకటించారు. అప్పుడది నెల్లూరు జిల్లాలో భాగం. ఆ ఉత్సాహంతో ఇరుగుపొరుగు అమ్మలక్కల ఎదుటనే అన్నాను: “అమ్మమ్మా, నువ్వు పూజించే ఆ బావే నీ నడుము వంచింది.”

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది: “నిన్ను కన్నాక మీ అమ్మచేత ఆ బావికే చేద వేయించాను తల్లీ. చెడ్డవే అనుకో, మరి ఇన్నాళ్ళూ మా దాహం తీర్చిందెవరే?”

మరునాడు తెల్లవారి మళ్ళీ అదే బావికి బిందెతో వెళ్ళింది. వేరే నీళ్ళు లేవు కదా! నేను రోగం పేరు చెప్పాను గాని, ఒక్క బిందె మంచినీళ్ళు తెచ్చి ఇవ్వలేదు. ఊరికి రక్షితజలం రాకముందే ఆమె కన్నుమూసింది. ముప్పై యేళ్ళకు పైగా రోగులను చూస్తున్నాను. ప్రత్యామ్నాయం చూపలేని రోగనిర్ణయం ఎంత క్రూరమో నాకు నేర్పిన మొదటి గురువు ఆమెయే.

అయినా సత్యాన్ని దాచమని నేననడం లేదు. 1854లో లండన్ సోహోలోని ఒక వీధి పంపు నీరు కలరాను వెదజల్లింది. ఆ నీటి రుచి నచ్చి, హాంప్‌స్టెడ్‌లో ఉంటూ కూడా దానినే తెప్పించుకుని త్రాగిన ఒక వితంతువు మరణించింది. డాక్టర్ జాన్ స్నో వాదనకు ఆ మరణం ఒక బలమైన సాక్ష్యమయింది. తేటదనం, రుచి, పవిత్రత – ఈ మూడూ నీటి నిర్దోషత్వానికి ప్రమాణాలు కావు. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. కాచినందువల్ల అది పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. పాలపళ్ళు ఊడి వచ్చే కొత్త పళ్ళపై గోధుమరంగు మచ్చలు కనబడితే, ఊరి నీటిని అనుమానించవలసిందే.

కనుక మీకు నా విన్నపం ఇది. సెలవులకు స్వగ్రామం వెళ్ళినప్పుడు గుడికి విరాళమిచ్చే చేతితోనే, ఊరు త్రాగే బావినీటిని, ఊటనీటిని పరీక్ష చేయించండి. ఫ్లోరైడు కోసం ఎండాకాలంలో ఒకసారి, క్రిముల కోసం తొలకరి వానల తరువాత మరొకసారి. ఫలితం చెడుగా వస్తే, ఊరివారి ముందు ఆ కాగితం చదవడానికి ముందే మరో నీటికి దారి చూడండి: శుద్ధిచేసిన చెరువు నీరో, జాగ్రత్తగా పట్టి నిలువచేసిన వాననీరో, శుద్ధియంత్రమో. ఆ యంత్రాన్ని పదేళ్ళపాటు ఎవరు చూసుకుంటారో కూడా అప్పుడే నిర్ణయించండి. పాతబావిని మాత్రం అవమానించకండి. దాని పండుగ దానికి ఉండనివ్వండి.

టిస్సింగ్టన్‌లో నేను ఆ ఊటనీరు త్రాగలేదు, వైద్యురాలిని కదా! వేళ్ళు తడిపి కళ్ళకద్దుకున్నాను. పక్కనున్న వృద్ధురాలు చిరునవ్వు నవ్వింది. అమ్మమ్మకు ఆనాడు చెప్పవలసిన క్షమాపణ ఆ చల్లని నీటికి చెప్పుకున్నాను.

స్వస్తి.