పచ్చళ్ల పుస్తకం ఒకటి అచ్చు వేద్దాం
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో పచ్చళ్ల యూనిట్ తరఫున చేసిన ప్రసంగం)



మా యూనిట్ లెక్కల్లో ‘పాడైన సరుకు’ అని ఒక పద్దు ఉంది. మీరు చూసే ఉంటారు. దాని మీద కొంత గుసగుస కూడా జరిగింది. ఎవరో చెబితే వినేకంటే నేనే చెబుతాను.

మా దగ్గర ఆవకాయ ఎప్పుడూ కలిపేది ఒక పెద్దమ్మ. ఈ ఏడు సరిగ్గా కాయ దిగే రోజుల్లో కూతురి కాన్పుకని హైదరాబాద్ వెళ్లింది. ఆవిడ కొలతలు ఆవిడ చేతిలోనే ఉన్నాయి, ఎక్కడా రాసుకోలేదు. కాయ ఆగదు కదా. మేం నలుగురం ఫోనులో ఒక వీడియో పెట్టుకుని 20 కిలోల కాయ కొట్టించి కలిపేశాం. అందులో అన్నీ గ్లాసు లెక్కన చెప్పారు. మేమూ గ్లాసుతోనే కొలిచాం. మూడో వారానికి జాడీల మీద తెల్లగా బూజు కట్టింది. మొత్తం పారబోశాం. ఆ నెల వాయిదా మా పొదుపులోంచి కట్టాం.

పెద్దమ్మ తిరిగొచ్చి ఒక్క మాట అడిగింది: ‘ఏ ఉప్పు వేశారే?’ వీడియోలో ఆవిడ వేసింది ప్యాకెట్ సన్న ఉప్పు. మేం వేసింది కల్లుప్పు, అదీ దంచకుండా. తర్వాత కాటా మీద పెట్టి చూశాం. అదే గ్లాసు సన్న ఉప్పు 240 గ్రాములు తూగితే, కల్లుప్పు 190 దగ్గరే ఆగింది. రాళ్ల మధ్య ఖాళీ ఉంటుంది కదా. అంటే గ్లాసుకి 50 గ్రాముల ఉప్పు తగ్గింది. పచ్చడిని కాపాడేది ఉప్పూ నూనే. అది తగ్గితే బూజు రాక ఏమవుతుంది? ఆ వీడియోలో ఉప్పు సంగతి ఏమైనా చెప్పారేమో మళ్లీ చూద్దామంటే అది కనబడలేదు. తీసేశారో ఏమో!

నేను ఫోనుని తిట్టడానికి రాలేదు. ఆత్రేయపురం పూతరేకు తీయాలంటే, కాలిన కుండ మీద తడిగుడ్డ ఎలా లాగాలో పుస్తకం నాలుగు పేజీలు రాసినా మనకు రాదు. కళ్లతో చూడాల్సిందే. చేతి కదలిక నేర్చుకోవడానికి వీడియో మంచిదే. కానీ కొలత మాత్రం కాగితం మీద ఉండాలి. కాగితం మీద ఉన్న అంకె నిన్న ఒకటి, ఇవాళ ఇంకొకటి ఉండదు. నలుగురు నాలుగు ఫోన్లు చూసి నాలుగు రుచులు చేస్తే కొన్నవాళ్లు రెండోసారి రారు. పైగా కారం చేతులతో ఫోను ముట్టుకోలేం. ఆ ఫోనైనా మన దగ్గరుంటే కదా, పిల్లల దగ్గర ఉంటుంది.

మా అత్తగారి దగ్గర మాలతీ చందూర్ గారి ‘వంటలు - పిండివంటలు’ ఉంది. అట్ట ఊడిపోయింది, పేజీలకు నూనె మరకలు. అంచుల్లో అత్తగారు పెన్సిలుతో రాసుకున్న మాటలున్నాయి. ఒకచోట ‘బెల్లం తగ్గించాలి’, ఇంకోచోట ‘పెద్దబ్బాయి పెళ్లికి దీనికి మూడింతలు చేశాం’. పుస్తకం ఆవిడ రాయలేదు గానీ, చదివి, చేసి, దిద్దుకుని సొంతం చేసుకుంది. ఇప్పుడు నేను అరిసెలు చేసేటప్పుడు ముందు ఆ పెన్సిలు రాతే చూస్తాను.

అచ్చు పుస్తకాలన్నీ గొప్పవని కూడా అనను. పాత వాటిలో గిద్దలు, సోలలు ఉంటాయి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మాకు తెలుసు. మా సంఘంలో కొత్తగా చేరిన పిల్లకి గిద్ద అంటే ఏంటో తెలియదు. తెలిసినా, గిద్దతో కొలిచినప్పుడూ ఉప్పు గొడవ అదే.

అందుకని నేను అడిగేది ఇది. సమాఖ్య ఖర్చుతో మనదే ఒక చిన్న పుస్తకం అచ్చు వేయండి. పచ్చళ్లు, పొడులు చాలు, అన్నీ వద్దు. ప్రతిదీ గ్రాముల్లో ఉండాలి. ఉప్పు అంటే ఏ ఉప్పో, నూనె అంటే ఏ నూనో పేరు రాయాలి. ఇద్దరు వేరువేరుగా చేసి, సరిగ్గా వచ్చిందన్నాకే అచ్చుకి ఇవ్వాలి. పక్కన రాసుకోవడానికి అంచు వెడల్పుగా వదలాలి. దీన్నిబట్టి సీసా మీద లేబులు రాసుకోవడమూ తేలికవుతుంది.

పెద్దమ్మ ఒప్పుకుంది. మొదట్లో ‘నా చెయ్యే నా కొలత’ అని మొండికేసింది. చివరికి కాటా ముందు కూచుని, పిడికిలితో తీసిన ప్రతిదీ తూచనిచ్చింది. ఆవిడ పిడికెడు మెంతులు 45 గ్రాములు!

మీ ఊళ్లో కూడా ఇలాంటి చెయ్యి ఒకటి ఉంటుంది. వచ్చే నెల సమావేశానికి మీ సంఘం నుంచి ఒక పచ్చడో, పొడో తూచి రాసుకురండి. రాయడం రాకపోతే ఆవిణ్ణి వెంటబెట్టుకు రండి, కాటా నేను తెస్తాను.